ఓడిపోయిన పక్షం మనిషి

1949 సెప్టెంబరు 15న బాన్ నగరంలో పశ్చిమ జర్మనీ కొత్త పార్లమెంటు తన తొలి ఛాన్సలర్‌ను ఎన్నుకుంది. గెలవడానికి 202 ఓట్లు కావాలి. కొన్రాడ్ అడెనావర్‌కు సరిగ్గా 202 వచ్చాయి. అందులో ఒకటి ఆయన తనకు తాను వేసుకున్నదే, ఆ సంగతి దాచుకోనూ లేదు. హిట్లర్ పోయిన తర్వాత ఆ దేశం పగ్గాలు ఎవరి చేతికి వెళ్లాలన్నది అలా ఒక్క ఓటుతో తేలిపోయింది. ఓడినవైపు నాయకుడు కుర్ట్ షూమాకర్. వయసు యాభై మూడు. కుడిచేయి లేదు, ఎడమకాలు లేదు. దాదాపు పదేళ్లు నాజీల నిర్బంధ శిబిరాల్లో గడిపి వచ్చిన మనిషి.

షూమాకర్ అనగానే మనలో చాలామందికి కారు పందేల ఛాంపియన్ గుర్తొస్తాడు. ఈ షూమాకర్ పేరున్న వీధులకు జర్మనీ ఊళ్లలో లోటు లేదు గాని, ఆయన గురించి రాసేవాళ్లు ఎప్పుడూ రెండు జట్లుగా చీలిపోయి ఉంటారు. ఒక జట్టు హారతి పడుతుంది: త్యాగమూర్తి, అమరుడు, దేశం ఆయనకు ద్రోహం చేసింది. రెండో జట్టు పెదవి విరుస్తుంది: కోపిష్టి, జాతీయవాది, ఐరోపా ఐక్యతకు అడ్డం పడ్డవాడు, ఓడిపోవడమే మంచిదైంది. నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది. దేశం కోసం జైలుకు వెళ్లి వచ్చినవాళ్లకు కుర్చీ హక్కుగా రావాలన్న నమ్మకం మనకూ కొత్త కాదు. ఆ నమ్మకాన్ని షూమాకర్ జీవితం మీద పెట్టి చూస్తే నిలబడదు. ఆయన చేసిన అసలు పని గెలిచి చేసింది కాదు. ఓడిపోయి, ప్రతిపక్షం బెంచీల్లో కూర్చుని చేసింది.

ఆయన పుట్టింది 1895లో, విస్తులా నది ఒడ్డున ఉన్న కుల్మ్ అనే చిన్న ఊళ్లో. అప్పుడది ప్రష్యా, ఇప్పుడు పోలండ్. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలుకాగానే వేలాది కుర్రాళ్లలాగే తనంతట తాను సైన్యంలో చేరారు. డిసెంబరు వచ్చేసరికి తూర్పు రంగంలో కుడిచేయి పోయింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, న్యాయశాస్త్రమూ రాజనీతీ చదివి, 1920లో స్టుట్‌గార్ట్‌లో వామపక్ష పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్ల పత్రికలో సంపాదకుడిగా కుదిరారు. 1924లో రాష్ట్ర శాసనసభకు, 1930లో దేశ పార్లమెంటు రైక్‌స్టాగ్‌కు ఎన్నికయ్యారు. ఆ 1930 ఎన్నికల్లోనే నాజీలు 107 స్థానాలతో సభలోకి వచ్చిపడ్డారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. 1932 ఫిబ్రవరి 23న రైక్‌స్టాగ్‌లో నాజీ నాయకుడు గెబెల్స్ మాట్లాడుతూ సోషల్ డెమోక్రాట్లను యుద్ధం నుంచి పారిపోయిన పిరికిపందల పార్టీ అన్నాడు. సభ అట్టుడికింది. జవాబు చెప్పడానికి లేచింది ఖాళీ కోటు చెయ్యి వేలాడుతున్న షూమాకర్. తిట్టినవాడు ఒక్కరోజు కూడా యుద్ధభూమి చూడలేదన్న సంగతి సభలో అందరికీ తెలుసు. షూమాకర్ మాట్లాడింది కొద్ది నిమిషాలే. నాజీల ప్రచారమంతా మనిషిలో దాక్కున్న నీచత్వాన్ని అదేపనిగా తట్టిలేపడమే అన్నారు. నాజీలలో గుర్తించదగ్గ గొప్ప ఏదైనా ఉంటే అది ఒక్కటేనట: మనుషుల మూర్ఖత్వాన్ని ఒక్క చుక్క మిగల్చకుండా సమీకరించడం జర్మన్ రాజకీయాల్లో తొలిసారి వాళ్లకే సాధ్యమైంది. చివర్లో, మీరు ఏం చేసినా సరే, మాకు మీమీద ఉన్న అసహ్యం ఎత్తును అందుకోలేరు అని కూర్చున్నారు.

ఆ ప్రసంగం చదివినప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. ధైర్యం ధైర్యమే, దానికి దండం పెట్టాల్సిందే. కానీ మూర్ఖులు అన్నమాట గెబెల్స్‌కు మాత్రమే తగల్లేదు, గెబెల్స్‌కు ఓటేసిన నిరుద్యోగికీ తగిలింది. ఎదుటివాడి తప్పును ఎండగట్టడంలో షూమాకర్‌కు సాటి లేదు. ఆ తప్పులోకి జారిన మామూలు మనిషిని వెనక్కి పిలిచే గొంతు మాత్రం ఆయనకు అబ్బలేదు. ఇది తర్వాత కూడా ఆయనను వదలలేదు, 1949లో ఆ ఒక్క ఓటు దగ్గర మళ్లీ ఎదురైంది.

1933 మార్చి 23న హిట్లర్ చేతికి సర్వాధికారాలు అప్పగించే చట్టం సభ ముందుకు వచ్చింది. కమ్యూనిస్టు సభ్యులను అప్పటికే అరెస్టులతో, నిషేధంతో సభలోకి రానివ్వలేదు. మిగిలిన పార్టీలన్నీ తల వంచాయి. హాజరైన 94 మంది సోషల్ డెమోక్రాట్లు మాత్రమే వద్దని ఓటేశారు, వాళ్లలో షూమాకర్ ఒకరు. తర్వాత పార్టీ నాయకత్వంలో కొందరు ప్రాగ్ చేరుకున్నారు. ఆయన దేశం విడవలేదు, రహస్యంగా పనిచేయాలని పట్టుబట్టారు. జూన్ 22న పార్టీని నిషేధించారు. జులై 6న బెర్లిన్‌లో ఆయన దొరికిపోయారు.

తర్వాత వరుసగా నిర్బంధ శిబిరాలు: హోయ్‌బెర్గ్, ఉల్మ్ దగ్గర కొండకోటలోని కూబెర్గ్, 1935 నుంచి డాఖావ్. ఇకపై ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని రాసిచ్చినవాళ్లను తొలినాళ్లలో వదిలిపెట్టిన సందర్భాలున్నాయి. ఆయనతో పాటు ఉన్న కొందరు సోషల్ డెమోక్రాట్లు సంతకం చేసి బయటపడ్డారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎవరికీ ఉందనుకోను. షూమాకర్ సంతకం పెట్టలేదు. డాఖావ్‌లో ఒంటిచేతి మనిషికి మోయలేని పనులు అప్పగిస్తే నిరాహారదీక్షకు దిగారు. 1943 మార్చిలో, ఇక బతకడనుకుని కాబోలు, జబ్బుమనిషిని వదిలిపెట్టారు. హానోవర్‌లో బంధువుల పంచన చేరారు. 1944 జులైలో హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమయ్యాక మళ్లీ పట్టుకెళ్లి కొన్ని వారాలు నోయెన్‌గామ్ శిబిరంలో ఉంచారు. అదీ అయింది.

హారతి పట్టేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుందని నా వాదన.

1945 ఏప్రిల్ 10న అమెరికా సైన్యం హానోవర్‌లోకి వచ్చింది. బెర్లిన్‌లో హిట్లర్ ఇంకా బతికే ఉన్నాడు. తొమ్మిది రోజులకల్లా షూమాకర్ పాత సహచరులను పోగేసి పార్టీ ఎలా నిలబెట్టాలో మాట్లాడుతున్నారు. మే 6న, అంటే జర్మనీ లొంగుబాటుకు రెండు రోజుల ముందు, స్థానిక శాఖను మళ్లీ స్థాపించారు. ఆక్రమణ సైన్యాలు రాజకీయ పార్టీలకు అప్పటికింకా అనుమతి ఇవ్వలేదు. ఆయన అనుమతి కోసం ఆగలేదు. తర్వాత అక్కడ పాలన చేపట్టిన బ్రిటిష్ అధికారులతో చేతులు కట్టుకుని మాట్లాడటం ఆయనకు రాదు. మీరంతా హిట్లర్‌తో ఒప్పందాలు చేసుకుంటున్న రోజుల్లో మేం శిబిరాల్లో ఉన్నాం, మాకు నీతులు చెప్పకండి అన్న ధోరణి. వాళ్లకు అది తలనొప్పిగా ఉండేది, కాదనలేని మాట కావడంతో మరింత తలనొప్పి.

పెద్ద పరీక్ష తూర్పు నుంచి వచ్చింది. సోవియట్ ఆక్రమణలో ఉన్న ప్రాంతంలో కమ్యూనిస్టులూ సోషల్ డెమోక్రాట్లూ ఒకే పార్టీగా కలిసిపోవాలన్న ఒత్తిడి మొదలైంది. వినడానికి ఎంత కమ్మటి మాట! ఇద్దరూ విడివిడిగా కొట్టుకోబట్టే హిట్లర్ వచ్చాడు, ఇద్దరూ ఒకే శిబిరాల్లో చచ్చారు, ఇకనైనా కలవండి అంటే ఎవరికి కాదనాలనిపిస్తుంది? అప్పటి ప్రగతిశీలుల్లో చాలామంది మనసు అటే మొగ్గింది. 1945 అక్టోబరులో హానోవర్ దగ్గర వెన్నిగ్జెన్‌లో జరిగిన సమావేశంలో షూమాకర్ కుదరదన్నారు. బెర్లిన్ నుంచి వచ్చిన పార్టీ నాయకుడు ఒట్టో గ్రోటెవోల్‌తో దారులు చీలాయి. 1946 మార్చి 31న పశ్చిమ బెర్లిన్‌లో పార్టీ సభ్యులు ఓటేస్తే 82 శాతం వెంటనే విలీనం వద్దన్నారు. తూర్పు బెర్లిన్‌లో ఆ ఓటింగును జరగనివ్వలేదు. ఏప్రిల్‌లో సోవియట్ ప్రాంతంలో విలీనం జరిపించేశారు, గ్రోటెవోల్ తర్వాత తూర్పు జర్మనీకి ప్రధాని అయ్యారు. ఒప్పుకోని సోషల్ డెమోక్రాట్లు జైళ్లకు వెళ్లారు. నాజీలు కట్టిన బుకెన్‌వాల్డ్‌నే సోవియట్ అధికారులు 1950 దాకా తమ ప్రత్యేక శిబిరంగా వాడుకున్నారు. అందులో నిర్బంధించిన వాళ్లలో సోషల్ డెమోక్రాట్లూ ఉన్నారు.

కమ్యూనిస్టులను ఆయన 1930లోనే ఎర్రరంగు పూసిన నాజీలన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అంత మంది కమ్యూనిస్టులు నాజీల చేతుల్లో చచ్చిన తర్వాత కూడా అదే మాట పట్టుకు వేలాడటం అన్యాయం. వాళ్ల నాయకుడు ఎర్న్‌స్ట్ థేల్మన్‌ను పదకొండేళ్లు బంధించి 1944లో బుకెన్‌వాల్డ్‌లో చంపారు. అయితే ఆ కమ్యూనిస్టు పార్టీయే 1933కు ముందు సోషల్ డెమోక్రాట్లను సోషల్ ఫాసిస్టులంటూ అసలు శత్రువుగా చూసిందన్నదీ నిజమే. తిట్టు తప్పే గాని, 1945లో ఆయన తీసుకున్న నిర్ణయం సరైనది. నాజీలకు ఎదురు చెప్పినవాళ్లలో తర్వాత స్టాలిన్‌కు తల ఊపినవాళ్లు కొల్లలు. శత్రువుకు ఎదురు చెప్పడం ఒక ఎత్తు, దోస్తీకి చేయి చాచినవాడికి చెప్పడం ఇంకో ఎత్తు. షూమాకర్ రెండూ చెప్పారు. ఆయన రాజకీయ జీవితంలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఈ రెండోదాన్నే.

1948 సెప్టెంబరులో ఎడమకాలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత తీసిన ఫొటో ఒకటి జర్మనీలో చాలా ప్రసిద్ధం. పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్న మనిషి, దవడలు లోపలికి పోయిన ముఖం. ఒకవైపు ఖాళీ కోటు చెయ్యి. పక్కన ఆయన బరువంతా భుజాన వేసుకుని నడిపిస్తున్న యువతి. ఆమె పేరు అన్నెమారీ రెంగర్, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆమె ఆయన కార్యదర్శిగా చేరారు. ఇదే రెంగర్ 1972లో జర్మన్ పార్లమెంటుకు తొలి మహిళా స్పీకర్ అయ్యారు. ఆ ఫొటోలో అందరూ ఆయననే చూస్తారు. నాకు మాత్రం ఆమె నిలబడిన తీరు మీదికే చూపు పోతుంది.

ఇక 1949 ఎన్నికలు. అడెనావర్‌ను నాజీల మనిషి అనడానికి లేదు. కొలోన్ మేయర్ పదవి నుంచి నాజీలే ఆయనను తొలగించారు, రెండుసార్లు అరెస్టూ చేశారు. మిగతా కాలం రైన్ నది ఒడ్డున ఇంట్లో గులాబీలు పెంచుకుంటూ గడిపారు. మౌనంగా తప్పుకుని ఉన్నవాడికీ, ఎదురునిలిచి చితికిపోయినవాడికీ మధ్య జనం మొదటివాడిని ఎంచుకున్నారు. ఎందుకు?

సులువైన జవాబు ఒకటుంది: జనం తమను పోలినవాడిని ఎంచుకున్నారు. షూమాకర్ వేదిక ఎక్కితే ఆ ఒళ్లే ఒక ప్రశ్న. నేను అక్కడ ఉన్నప్పుడు మీరెక్కడున్నారు? ఆ ప్రశ్న వినాలని ఎవరికి ఉంటుంది? ఇందులో చాలా నిజం ఉంది. నాజీలు యూదుల మీద తెచ్చిన నూరెంబెర్గ్ చట్టాలకు వ్యాఖ్యానం రాసిన హాన్స్ గ్లోబ్కే తర్వాతి ఏళ్లలో అడెనావర్ కార్యాలయంలో అత్యున్నత అధికారి అయ్యాడంటే, దేశం దేన్ని మరచిపోవాలనుకుందో తెలుస్తూనే ఉంది.

కానీ ఇది పూర్తి జవాబు కాదు. ప్రజలు వేసిన ఓట్లలో తేడా రెండు శాతం కూడా లేదు: అడెనావర్ పక్షానికి 31, షూమాకర్ పార్టీకి 29.2. అంత దగ్గరి పోటీని ఆయన నోరే చాలావరకు చెడగొట్టింది. సగానికి దగ్గరగా క్యాథలిక్కులున్న దేశంలో క్యాథలిక్ చర్చిని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్‌ల తర్వాత ఐదో ఆక్రమణ శక్తి అన్నారు. ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న లుడ్విగ్ ఎర్హార్డ్‌ను పెట్టుబడిదారులు ఊదిన బెలూన్ అని వెక్కిరించారు. 1948 జూన్‌లో కొత్త మార్కు వచ్చి, ఎర్హార్డ్ ధరల నియంత్రణ ఎత్తేశాక, ఖాళీగా ఉన్న దుకాణాల అద్దాల వెనుక సరుకులు రాత్రికి రాత్రి ప్రత్యక్షమయ్యాయి. నిరుద్యోగం పెరిగిందన్న షూమాకర్ విమర్శ నిజమే. అయినా వెన్న కళ్ల ముందు కనపడుతున్న గృహిణికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గురించి ఎంత చెబితే ఎక్కుతుంది? పదేళ్ల శిబిరం ఆయనకు ఒక నైతిక ఎత్తును ఇచ్చింది. ఆ ఎత్తు నుంచి దిగి ఓటు అడగడం ఆయనకు చేతకాలేదు.

1949 నవంబరు 24 రాత్రి పార్లమెంటులో మొదలైన చర్చ తెల్లవారుజాము దాకా సాగింది. విజేత దేశాలు చేపట్టిన ఫ్యాక్టరీల కూల్చివేతను తగ్గించుకునేందుకు అడెనావర్ వాళ్లతో పీటర్స్‌బెర్గ్ ఒప్పందం చేసుకున్నారు. బదులుగా రూర్ ప్రాంతపు బొగ్గును పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థలో జర్మనీ చేరాలి. సభలో నిద్రలేని కళ్లు, కేకలు. షూమాకర్ పార్టీకి అండగా ఉండాల్సిన కార్మిక సంఘాలే ఒప్పందానికి సుముఖంగా ఉన్నాయన్న వార్తను అడెనావర్ సభలో చదివారు. పుండు మీద కారం పడింది. ఆయన మాట్లాడుతుండగానే షూమాకర్ ఒక కేక వేశారు: "మిత్రరాజ్యాల ఛాన్సలర్!" సభ గందరగోళంలో పడింది. మాట వెనక్కి తీసుకోమని స్పీకర్ అడిగితే ఆయన తీసుకోలేదు. ఇరవై సమావేశ దినాలపాటు బహిష్కరించారు. కొద్ది రోజుల్లోనే ఇద్దరూ రాజీకి వచ్చారు, బహిష్కరణ రద్దయింది.

ఈ కేకను ఆయన అభిమానులు పౌరుషంగా చెప్పుకుంటారు. నాకది పొరపాటుగానే కనిపిస్తుంది. దాని వెనకున్న లెక్క మాత్రం అర్థమవుతుంది. మొదటి యుద్ధం తర్వాత దేశభక్తి అనే మాటను వామపక్షం మితవాదులకు వదిలేసింది, వాళ్లు ఆ మాటతోనే ప్రజాస్వామ్యం గొంతు నులిమారు, ఈసారి దాన్ని వాళ్లకు వదలకూడదు అన్నది ఆయన పట్టుదల. జబ్బును సరిగానే గుర్తించారు, మందు మోతాదు మించింది. ఫ్రాన్స్ మంత్రి రాబర్ట్ షూమన్ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి చేద్దామంటే కాదన్నారు. (ఇద్దరి పేర్లూ ఇంచుమించు ఒకటే కావడం చరిత్ర ఆడిన చిన్న పరాచికం.) ఐరోపా మండలిలో చేరికను కాదన్నారు. 1952లో పశ్చిమ దేశాలతో ఒప్పందానికి ఒప్పుకున్నవాడు జర్మన్ అనిపించుకోడు అనేదాకా వెళ్లారు. ఒకప్పుడు తన పార్టీవాళ్లను దేశద్రోహులన్నవారికి జవాబిచ్చిన మనిషి, అదే కొరడాను ఎదుటివాళ్ల మీద ఝళిపించడం నాకు మింగుడుపడదు. చివరికి 1960 జూన్‌లో ఆయన శిష్యుడు హెర్బర్ట్ వేనర్ పార్లమెంటులో లేచి, ఆ పశ్చిమ ఒప్పందాలను తమ పార్టీ అంగీకరిస్తుందని ప్రకటించాల్సి వచ్చింది. పెదవి విరిచే జట్టు ఇక్కడ చెప్పేది నిజమే.

ఇంతకన్నా మింగుడుపడనిది ఇంకొకటి. 1951లో మాజీ వాఫెన్ ఎస్ఎస్ (నాజీల ఎస్ఎస్ సంస్థ సైనిక విభాగం) సైనికుల ప్రతినిధులను ఆయన కలిశారు. లక్షలమందిని శాశ్వతంగా వెలివేస్తే ప్రజాస్వామ్యం బతకదని, విడిగా నేరం చేయనివాడికి దారి చూపాలని ఆయన వాదన. శిబిరాల కాపలా ఏ ముఠా చేసిందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఎదుటివాడిని వెనక్కి పిలవలేకపోయిన మనిషి, పిలవడం మొదలుపెట్టింది వీళ్లతోనా అని యూదు సోషలిస్టులు నొచ్చుకుంటే, అందులో తప్పేముంది?

అయితే మరి ఆయనలో మిగిలిందేమిటి? 1949 సెప్టెంబరు 21. ఛాన్సలర్ ప్రకటనకు జవాబుగా ప్రతిపక్ష నాయకుడి తొలి ప్రసంగం. ప్రభుత్వం ముఖ్యం, ప్రతిపక్షం దాని నీడ అన్న భావాన్ని ఆయన ఆరోజు తోసిపుచ్చారు. ప్రతిపక్షం కూడా రాజ్యంలో భాగమే అన్నారు. నిర్దిష్టమైన విషయాల మీద నిర్దిష్టమైన ప్రతిపాదనలతో తన నిర్మాణ సంకల్పాన్ని ప్రభుత్వం మీద రుద్దడానికి నిరంతరం ప్రయత్నించడమే ప్రతిపక్షం సారం అని నిర్వచించారు. పాతికేళ్ల పార్లమెంటరీ అనుభవం కూడా లేని దేశం అది. అంతకుముందు నాజీల పన్నెండేళ్లూ ప్రతిపక్షానికి చోటు శిబిరాల్లోనే. ఒక్క ఓటుతో ఓడిన పార్టీ ఫలితాన్ని ఒప్పుకుని, వీధుల్లోకి వెళ్లకుండా, సభలో కూర్చుని బిల్లుల మీద సవరణలు పెట్టడం ఆ దేశంలో మామూలు విషయం కాదు. ఓడినవాడు శత్రువు కాదని అక్కడి జనం కళ్లారా చూసింది అప్పుడే. అడెనావర్ పద్నాలుగేళ్లు పాలించి కట్టినదానిలో సగం పునాది అవతలి బెంచీల నుంచి వచ్చిందని నేనంటాను.

అదే ప్రసంగంలో ఇంకో మాట ఉంది. ముందురోజు ఛాన్సలర్ ప్రకటనలో యూదుల విషాదం గురించి చెప్పింది మరీ పేలవంగా, బలహీనంగా ఉందని షూమాకర్ నిలదీశారు. అరవై లక్షల మందిని చంపి హిట్లర్ జర్మన్ జాతినే అప్రతిష్ఠ పాలు చేశాడని, ఆ మచ్చను దేశం ఎంతోకాలం మోయాలని అన్నారు. ఓట్లు తెచ్చే మాట కాదది. వాఫెన్ ఎస్ఎస్‌తో మాట్లాడిన మనిషీ ఈయనే, ఈ మాట అన్న మనిషీ ఈయనే. రెండింటినీ కలిపి ఒక్క బొమ్మ గీయడం నావల్ల కావడం లేదు.

1951 డిసెంబరులో పక్షవాతం వచ్చింది. సిగరెట్లూ కాఫీ మీద నడుస్తున్న ఒళ్లు అది. 1952 ఆగస్టు 20న బాన్‌లో కన్నుమూశారు. శవపేటికను హానోవర్‌కు తీసుకెళుతుంటే ఆ రహదారి పొడవునా జనం బారులు తీరారు. మూడు వారాల తర్వాత, సెప్టెంబరు 10న, అడెనావర్ లక్సెంబర్గ్‌లో ఇజ్రాయెల్‌తో పరిహారపు ఒప్పందం మీద సంతకం చేశారు: ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు, యూదు సంస్థల మండలికి మరో 45 కోట్లు. 1953 మార్చి 18న అది పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు పాలక పక్షాల్లో చాలామంది తటస్థంగా ఉండిపోయారు, కొందరు వ్యతిరేకించారు. అనుకూలంగా 239, వ్యతిరేకంగా 35, తటస్థంగా 86. ఛాన్సలర్ సొంత బలంతో గట్టెక్కే బిల్లు కాదది. సోషల్ డెమోక్రాట్లు ఒక్కరూ చీలకుండా ప్రతిపక్షం బెంచీల నుంచి అనుకూలంగా ఓటేశారు, బిల్లు నెగ్గింది.